అరుంధతి కనిపించిందా

మా అమ్మ పెళ్లి మిట్టమధ్యాహ్నం జరిగింది. వైశాఖమాసపు ఎండ. తలంబ్రాలు అయ్యాక కొంగుముడి విప్పకుండానే ఇద్దరినీ పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి, పురోహితుడు ఉత్తరం వైపు చెయ్యి చాపి, అదుగో అరుంధతి, కనిపించిందా అని అడిగాడట. అమ్మ అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, తెల్లగా మండుతున్న ఆకాశంలోకి చూసి, కనిపించింది అంది. పక్కన నాయన కూడా తలూపాడు. నలభై ఏళ్లు దాటాక నేను లెక్క వేసి చూస్తే, ఆ నెలలో ఆ వేళకు అరుంధతి ఉత్తరాన నేలకు దిగువన ఉంది. అడ్డం వచ్చింది పగటి వెలుగొక్కటే కాదు, భూమి మొత్తం.

నా పెళ్లి రాత్రిపూటే జరిగింది. కానీ అది నగరం నడిబొడ్డున ఒక కల్యాణ మండపం. దీపాల తోరణాల కాంతికి ఆకాశం మట్టిరంగులో ఉంది. ఒక్క చుక్క లేదు. నేనూ కనిపించిందనే అన్నాను. ఆ మాటను అబద్ధం అనడానికి నాకు మనసొప్పదు. అందులో పెద్దల మీద గౌరవం ఉంది, కొంగుముడికి అవతల నిలబడ్డ మనిషి మీద నమ్మకం ఉంది. చూడడం ఒక్కటే లేదు. ఆ చూడడాన్ని తెచ్చి నా చేతిలో పెట్టినదానివి నువ్వు. అందుకే, ఆరంగుళాల అద్దమా, నిన్ను తలచుకున్నప్పుడల్లా ఆ పందిరి ముందు నుంచే మొదలుపెడతాను.

నువ్వొచ్చింది శార్వరి నామ సంవత్సరంలో. శార్వరి అంటే రాత్రి. 2020 ఉగాది నుంచి ఏడాదంతా ఆ పేరు కిందే బతికాం. నగరంలో ఉద్యోగం ల్యాప్‌టాప్‌లోకి ముడుచుకున్నాక, మదనపల్లె దగ్గర మా ఊరికి వచ్చేశాను. కార్తీకమాసం మొదట్లో ఒక సాయంత్రం రెండు పెద్ద అట్టపెట్టెల్లో దిగావు. ఒకదాంట్లో చెక్క పలకలు, మేకులు, బోల్టులు. రెండోదాంట్లో నా ఛాతీ ఎత్తున నల్లటి గొట్టం. నాయన వేళ్లతో దాని నోరు కొలిచి, ‘బోరు కేసింగు పైపు మాదిరి ఉండాదే, ఎన్ని అడుగులు దించుతావు?’ అన్నాడు.

అది ఎగతాళి కాదు. ఆయన జన్మంతా ఆ సైజు గొట్టాలతోనే గడిచింది. మా చేల్లో ఏడు బోర్లు వేయించాడు. నీళ్లు పడినవి రెండు. బోరు బండి వచ్చిన రాత్రి నేనూ వెంట వెళ్లేవాణ్ణి. ముందు పొడి దుమ్ము తెల్లగా లేస్తుంది. గంటలు గడుస్తాయి. రాతిపిండి రంగు మారుతుందేమోనని, చెమ్మ తగులుతుందేమోనని నాయన ఆ దుమ్మునే చూస్తూ నిలబడేవాడు. ఎవరైనా పడిందా అని అడిగితే అటు తిరక్కుండానే అరచెయ్యి పైకెత్తి, ‘ఇంకా లేదు, ఉండు’ అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్ల ఆశ కోసమైనా, అప్పిచ్చినవాడి ముఖం కోసమైనా, పడని నీళ్లు పడ్డాయని ఆ గట్టు మీద ఆయన ఏనాడూ అనలేదు.

నీ అడుగున కూర్చున్న అద్దాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు బావి గుర్తొచ్చింది. నల్లటి గోడలు, లోపల అడుగున ఒక నిండు వెలుగు, అందులో తలకిందులుగా నా ముఖం. నూట యాభై మిల్లీమీటర్ల గాజుబిళ్ల. దాన్ని లోపలికి ఎంత తక్కువగా చెక్కారంటే, పైన వేలు నిమిరినా ఆ గుంట తెలియదు. (నిమరకూడదు. వేలి జిడ్డు దాని మీది అల్యూమినియం పూతకు పట్టిందంటే వదలదు.) ఆ కనపడని గుంట చేసే పని ఒక్కటే. తన మీద పడిన ప్రతి కిరణాన్నీ పన్నెండు వందల మిల్లీమీటర్ల దూరంలో ఒకే చోటికి పంపడం. చీకట్లో పూర్తిగా విచ్చుకున్న మన కంటిపాప ఏడు మిల్లీమీటర్లు. నీ అద్దం అలాంటి కళ్లు నాలుగు వందలకు పైగా ఒకచోట చేర్చినట్టు. జనం నిన్ను ఎన్ని రెట్లు పెద్దది చేస్తుందని అడుగుతారు. అంగళ్లలో బొమ్మ టెలిస్కోపుల డబ్బాల మీద కూడా వందల రెట్లు అనే రాసి ఉంటుంది, లోపల మాత్రం ఊగిపోయే మూడు సన్నటి కాళ్లు ఉంటాయి. పెద్దది చెయ్యడం కన్ను ఆనించే చిన్న ఐపీసు పని. నీ పని పట్టుకోవడం. వానచుక్కను పెంకుటింటి చూరు కింద పెట్టిన గంగాళం పట్టుకున్నట్టు, వెలుగుచుక్కను పట్టుకోవడం.

నువ్వొచ్చిన వారానికే నివర్ తుఫాను వచ్చింది. నవంబరు 25, 26 తేదీల్లో మా వైపంతా ఈదురుగాలి, వాన. నువ్వు మిద్దె మీది గదిలో దుప్పటి కప్పుకుని కూర్చున్నావు. కొత్త టెలిస్కోపు కొన్నవాళ్లందరికీ మొదట ఎదురయ్యేది మబ్బేనని తర్వాత విన్నాను. మధ్యలో ఒక పూట తెరిపిస్తే, ఆ పగటి వెలుతురులోనే నిన్ను బయటికి తెచ్చి, ఊరి నీళ్ల ట్యాంకు వైపు తిప్పి, నీ భుజం మీది చిన్న ఫైండరునూ నిన్నూ ఒకే గురికి తెచ్చాను. ఈ పని పగలే చెయ్యాలి. రాత్రి చుక్కలతో కుస్తీ పట్టేకంటే, కదలని ట్యాంకు మీద వాలిన కాకి మేలు. ఆ కాకి తలకిందులుగా కనిపించింది. దాన్ని సరిచెయ్యాలని నీ మరలన్నీ తిప్పి చూశాను. ఆకాశానికి పైనా కిందా లేవని నువ్వు మొదటి పూటే చెప్పావు, నాకే ఆలస్యంగా అర్థమైంది.

మబ్బు విడిన రాత్రి కార్తీక పౌర్ణమి. నవంబరు 30. ఊరంతా దీపాలు, గుడిలో ఆకాశదీపం, పైన నిండు చందమామ. ఇంతకంటే మంచి ముహూర్తం ఉంటుందా అని నిన్ను అటు తిప్పాను. కన్ను జిగేలుమంది. సున్నం కొట్టిన పళ్లెంలా తెల్లగా, చదునుగా, ఎక్కడా ఎత్తుపల్లాలు లేకుండా ఉన్నాడు చంద్రుడు. సూర్యుడు నేరుగా ఎదురుగా నిలబడి వెలుగు కుమ్మరిస్తుంటే ఏ కొండకూ నీడ పడదు. నీడ లేకపోతే కొండ లేదు. మూడు వారాలు ఆగాక, అర్ధచంద్రుడి వెలుగుకూ చీకటికీ నడుమ గీత మీద నీ చూపు నిలిపినప్పుడు, అపెనైన్ కొండల వరస నల్లటి నీడలు చాచుకుని లేచి నిలబడింది. గీతకు అవతల, ఇంకా తెల్లవారని చీకట్లో, ఒక శిఖరం కొస మాత్రం ఒంటరిగా మెరుస్తోంది. అక్కడ అప్పుడే పొద్దు పొడుస్తోంది. మరో లోకంలో తెల్లవారడాన్ని నేను మా మిద్దె మీద నిలబడి చూశాను. ఆ రాత్రి కిందికి దిగి అన్నం తినడం మరిచిపోయాను.

చంద్రుడు ఆలస్యంగా లేచే రాత్రుల్లో నువ్వు నాకు చీకటి నేర్పావు. చీకటిని నేర్చుకోవాలని అంతకుముందు తెలియదు. వెలుతురులోంచి బయటికి వచ్చిన కన్ను అరగంటకు గానీ తెరుచుకోదు. ఆ అరగంటలో ఒక్కసారి ఫోను చూస్తే మళ్లీ మొదటికి వస్తుంది. టార్చికి మిఠాయి పెట్టె మీది ఎర్రటి జిలుగు కాగితం చుట్టుకున్నాను, ఎర్ర వెలుగు చీకటి చూపును చెడగొట్టదు. అదే అరగంట నీకూ కావాలి. గదిలో వెచ్చగా ఉన్న అద్దం బయటి చలికి అలవాటు పడేదాకా దాని మీద గాలి సుడులు తిరుగుతూ ఉంటుంది, చుక్కలు వణుకుతాయి. అందుకని మనిద్దరం ఏమీ చెయ్యకుండా పక్కపక్కన కూర్చునేవాళ్లం. పెద్దయ్యాక నేను ఏమీ చెయ్యకుండా అంతసేపు కూర్చున్నది అదే మొదలు. మంచు దిగేది. దూరంగా చెరకు గానుగ దగ్గర బెల్లం కాగుతున్న వాసన వచ్చేది. కింద నులకమంచం మీది నుంచి నాయన గొంతు వినపడేది.

‘పడిందా?’

‘ఇంకా లేదు నాయనా.’

ముందు కృత్తికలు. మా జేజి పిల్లలకోడి అనేది. తల్లికోడి చుట్టూ పిల్లలు గుమిగూడినట్టు, మామూలు కంటికి ఆరో ఏడో చుక్కలు. వాటి పేరు మీదే ఈ కార్తీకం. ఆశగా నిన్ను తిప్పితే, కోడి నీ ఐపీసులో పట్టలేదు. సగం పిల్లలు బయటే ఉండిపోయారు. ఫైండరులోంచి చూస్తేనే మొత్తం సంసారం కనిపించింది, నీలంగా, నిండుగా. దగ్గరికి వెళ్లడం వల్ల పోగొట్టుకునేవి కూడా ఉంటాయని ఆ చిన్న గొట్టం చెప్పింది. గెలీలియో తన టెలిస్కోపుతో ఇక్కడే ముప్పైకి పైగా కొత్త చుక్కలు లెక్కపెట్టి, బొమ్మ గీసి, 1610లో అచ్చు వేయించాడు. నేనూ కాగితం తీసుకుని గీశాను. గీస్తే గానీ చూడలేదని తెలియదు. చేత్తో చుక్క పెట్టబోయే ముందు కన్ను మళ్లీ వెనక్కి వెళ్లి, నిజంగా అక్కడ ఉందా అని అడుగుతుంది.

తర్వాత మృగశిర వైపు వెళ్లాం. వరసగా మూడు చుక్కలు, జేజి మాటల్లో గొల్లకావడి. దాని కింద వేలాడే మసక చుక్క దగ్గర నిన్ను నిలిపితే, అది చుక్క కాదు. బూడిదరంగు పొగ, రెక్కలు చాచిన గబ్బిలంలా. దాని గుండెలో నాలుగు చిన్న నక్షత్రాలు, ముగ్గులో చుక్కల్లా దగ్గరదగ్గరగా. అప్పుడే పుట్టిన నక్షత్రాలవి, ఆ పొగలోంచే పుట్టాయి. ఫోటోల్లో ఆ పొగ గులాబీరంగులో, ఊదారంగులో ఉంటుంది. నీలో బూడిద రంగే. నిజం చెబుతున్నాను, మొదటి రాత్రి నా మనసు చిన్నబోయింది. అంత సన్నటి వెలుగులో మన కంటికి రంగు తెలియదు, అది నీ లోపం కాదు. కెమెరా గంటలు గంటలు తాగిన వెలుగును మనం క్షణంలో తాగాలని చూస్తాం. కానీ ఆ ఫోటో ఎవరో చూసినది. ఈ బూడిద నేను చూసినది. పదమూడు వందల ఏళ్లకు పైగా నడిచి వచ్చిన వెలుగు, మధ్యలో ఎవరి చేతా తాకబడకుండా నీ అద్దం మీద వాలి నా కంట్లోకి వచ్చింది. నాలుగో రాత్రికి ఆ బూడిదలో మడతలు కనపడసాగాయి. పొగ మారలేదు, నువ్వూ మారలేదు.

ఆండ్రోమెడా గెలాక్సీ దగ్గర ఇంకా కష్టం. ఉత్తరాభాద్ర చుక్కలకు ఉత్తరంగా, ఆకాశం మీద ఎవరో ఊదిన ఆవిరిలాంటి మచ్చ. సూటిగా చూస్తే చెదిరిపోతుంది. కొంచెం పక్కకు చూస్తే వచ్చి నిలబడుతుంది. మన కంటి నడిమధ్యన సన్నటి వెలుగును పట్టే కణాలు లేవు, అవన్నీ అంచులకు ఉన్నాయి. అందుకని మసక వస్తువును చూడాలంటే దాని పక్కన చూడాలి. ఎన్ని రాత్రులు పట్టిందో నాకు ఈ ఓరచూపు పట్టుబడడానికి! ఇరవై అయిదు లక్షల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగు అది. అప్పటికి మన మనుషుల జాతే పుట్టలేదు. అంత దూరం నుంచి వచ్చినదాన్ని ఎదురుగా నిలదీసి చూడకుండా, పక్కకు జరిగి దారి ఇవ్వడమే సబబు అనిపిస్తుంది నాకు.

నీకు మోటారు లేదు. చేత్తో నెట్టాలి. మొదట ఇది చిరాకుగా ఉండేది. ఏ చుక్కను తెచ్చి మధ్యలో నిలిపినా, కొద్ది నిమిషాల్లో అంచు దాటి జారిపోతుంది. ఇంకా దగ్గరికి తెచ్చే ఐపీసు పెడితే రెండు నిమిషాలైనా నిలవదు. ఒక రాత్రి నెట్టడం మానేసి ఊరికే చూశాను. నక్షత్రం ఒక అంచున వచ్చి, నిదానంగా, ఆగకుండా, అడ్డంగా నడిచి, రెండో అంచున దిగిపోయింది. ఉన్నట్టుండి నా కాళ్ల కింద మిద్దె కదిలింది. జారుతున్నది అది కాదు, నేను. మిద్దె, ఊరు, చింతచెట్లు, నిద్రపోతున్న అమ్మ, అందరం కలిసి తూర్పుకు దొర్లిపోతున్నాం. పడవలో పోయేవాడికి గట్టు మీది చెట్లు వెనక్కి పోతున్నట్టు కనపడుతుందని, నక్షత్రాల నడక కూడా అలాంటిదేనని, 476లో పుట్టిన ఆర్యభటుడు చెప్పాడు. బడిలో పరీక్షకు చదువుకున్నాను ఆ సంగతి. ఆయనకు అద్దం లేదు, గొట్టం లేదు. నాకు నువ్వుండి కూడా, ఆయన మాట ఒంటికి తెలియడానికి నలభై రెండేళ్లు వచ్చాయి.

ఇక శని గురించి చెప్పాలి. నాది మకర రాశి. ఏలినాటి శని నడుస్తోందని అమ్మ ప్రతి శనివారం నువ్వులనూనె దీపం పెట్టేది, నల్లనువ్వులు దానం ఇచ్చేది. ఏడున్నరేళ్లు ఎందుకంటే ఆయన నడక అంత నిదానం. సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరగడానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్లు. ఒక్కో రాశిలో రెండున్నరేళ్లు, మూడు రాశులకు ఏడున్నర. శనైశ్చరుడు అంటేనే మెల్లగా నడిచేవాడు. ఏ పరికరమూ లేకుండా, తరాల తరబడి రాత్రుళ్లు మేలుకుని ఈ నడకను కొలిచినవాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను.

ఆ ఏడాది డిసెంబరు 21న గురుడూ శనీ ఒకచోట చేరారు. కంటికి దాదాపు ఒకే చుక్క. 1623 తర్వాత వాళ్లిద్దరూ అంత దగ్గరగా రాలేదు. పొద్దుగూకిన అరగంటకు నైరుతిన చింతచెట్ల పైన కనిపించారు. త్వరగా దిగిపోతారని గబగబా నిన్ను తిప్పాను. ఒకే ఐపీసులో ఇద్దరూ! ఒక పక్క గురుడు, ఆయన వెంట వరసగా నాలుగు చిన్న చంద్రులు. 1610 జనవరి 7న పాదువాలో గెలీలియో వాటిలో మూడింటిని చూసి, వారం తిరక్కుండా నాలుగోదీ పట్టి, అవి రోజురోజుకూ చోటు మారుతుంటే, ఆకాశంలో అన్నీ భూమి చుట్టే తిరగడం లేదని గ్రహించింది వీటి వల్లే. ఇంకో పక్క, నేల దగ్గరి గాలికి వణుకుతూ, నువ్వుగింజంత శని. నువ్వుగింజకు ఉంగరం తొడిగినట్టు.

అమ్మను పిలిచాను. శనిని ఎదురుగా చూడకూడదేమోనని కాసేపు వెనకాడింది. తర్వాత చెంగు నడుముకు దోపుకుని, వంగి, ఒక కన్ను మూసింది. నేను అడగలేదు కనిపించిందా అని. ఆ ప్రశ్నకు మా ఇంట్లో జవాబు ముందే తయారుగా ఉంటుందని నాకు భయం. అమ్మ అలాగే ఉండిపోయింది. కాసేపటికి, ‘చెవి దిద్దు మాదిరి ఉండాడు’ అంది. ఇంకాసేపటికి, ‘ఇంత చిన్నవాడు’ అంది. ఆ గొంతులో ఏళ్ల భయం లేదు. పక్కింటి పసివాణ్ణి గురించి చెప్పినట్టుంది. ఆ తర్వాత కూడా నువ్వులు దానం ఇచ్చింది, దీపం పెట్టింది. కానీ చేతులు జోడించినప్పుడు ఆమె ఎవరికి జోడిస్తోందో ఆమెకిప్పుడు తెలుసు.

గెలీలియోకు ఆ ఉంగరం దొరకలేదు. ఆయన పరికరం ఇరవై రెట్లు చూపించేది, మసకగా. 1610లో శనికి రెండు పక్కలా రెండు గుండ్రటి తోడులున్నాయని రాసుకున్నాడు. రెండేళ్లకు చూస్తే అవి లేవు. శని తన పిల్లల్ని తానే మింగేశాడా అని కలవరపడ్డాడు. వలయం అంచు మనవైపు తిరిగితే కాగితపు అంచులా కనపడకుండా పోతుందని ఆయనకు తెలిసే దారి లేదు. 1659లో హైగెన్స్ దాన్ని విప్పి చెప్పాడు. మహానుభావుడు గెలీలియో చూడలేకపోయినదాన్ని మా అమ్మ చెవి దిద్దు అంది. అయినా నేను ఎక్కువ తలచుకునేది గెలీలియో కలవరాన్నే. కనపడినప్పుడు కనపడిందని రాశాడు, కనపడనప్పుడు లేదని రాశాడు. తన మాట తనకే అడ్డం వస్తున్నా రాశాడు.

నీ చెక్కపెట్టె లాంటి పీట మొదట ఎవరు చేశారో తెలుసా నీకు? జాన్ డాబ్సన్ అనే ఒక సన్యాసి. 1915లో బీజింగులో పుట్టి, శాన్ ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠంలో చేరాడు. పాత ఓడల కిటికీ గాజులు తెచ్చుకుని రాత్రుళ్లు గుట్టుగా అద్దాలు అరగదీసేవాడు. అట్టగొట్టాలు, ప్లైవుడ్ ముక్కలు, ఇంతే సరంజామా. టెలిస్కోపుల ధ్యాసలో మఠం పనులకు దూరమవుతున్నాడని 1967లో మఠం ఆయన్ను బయటికి పంపింది. ఆయన చక్రాల మీద టెలిస్కోపును తోసుకుంటూ వీధి మొగలో నిలబెట్టి, రండి, శనిని చూడండి అని దారిన పోయేవాళ్లను పిలిచాడు. 2014లో పోయేదాకా పిలుస్తూనే ఉన్నాడు. తన పీటకు పేటెంటు తీసుకోలేదు. ఆ పిలుపు నీ చెక్కలో ఇప్పటికీ ఉంది. నేనొక్కడినే నిన్ను దాచుకుని చూసిన రాత్రులు నాకు వెలితిగా ఉంటాయి.

తెలుగునేల మీద నీ బంధువులు పాతవాళ్లే. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు 1840ల నాటికే సొంత వేధశాల కట్టుకున్నాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యుడి ముఖం మీదుగా దాటిపోవడాన్ని అక్కడి నుంచి చూశాడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. ఆ గ్రహణంలో సూర్యజ్వాలల వెలుగును విడదీసి చూసినవాళ్లకు దొరికిన పసుపు గీతే తర్వాత హీలియం అయింది. సూర్యుడి మాట వచ్చింది గనక నీ మీద ఒట్టు వేసి ఒకటి చెబుతాను. నీ నోటికి సరైన సౌర ఫిల్టరు బిగించకుండా నిన్ను ఎన్నడూ సూర్యుడి వైపు తిప్పను, తిప్పనివ్వను. నాలుగు వందల కళ్ల ఎండ ఒక కంట్లో పడితే ఆ కన్ను మిగలదు. మధ్యాహ్నం నిన్ను మిద్దె మీద వదిలి పిల్లల్ని దగ్గరికి రానివ్వను.

మా మిద్దె మీద నిలబడి దక్షిణానికి చూస్తే కొండలు. వాటికి అవతల, తమిళనాడులో, జవ్వాది కొండల్లో కావలూరు. అక్కడ 2.3 మీటర్ల అద్దం ఉంది, హైదరాబాదులో పెరిగిన వైను బప్పు పేరు పెట్టుకుని. అది నీకు పదిహేను రెట్లు వెడల్పు. కొన్ని రాత్రులు నువ్వూ అదీ ఒకే చుక్క వైపు తిరిగి ఉంటారేమో అనుకుంటాను. పెద్దచెరువులోనూ ఇంటి ముందు పళ్లెంలోనూ ఒకే వాన కురిసినట్టు.

శార్వరి వెళ్లి ప్లవ వచ్చింది. 2021 ఏప్రిల్ 13, ఉగాది. ప్లవ అంటే పడవ. ఆ రోజుల్లో ఊళ్లో మళ్లీ దగ్గులు, మళ్లీ మూసిన తలుపులు. పొద్దున పచ్చడి తిన్నాం, సాయంత్రం ఎవరింటికీ వెళ్లలేదు. అమావాస్య మర్నాటి రాత్రి కాబట్టి చీకటి చిక్కగా ఉంది. తొమ్మిదిన్నరకు ఉత్తరాన సప్తర్షులు పైకి వచ్చారు. తోకలో నడిమి చుక్క వసిష్ఠుడు. పక్కన ఆనుకుని, చూపున్నవాళ్లకు మామూలు కంటికే అందే చిన్న చుక్క అరుంధతి. అమ్మకు కంటిపొర ఆపరేషను అయింది, అంత సన్నది అందదు. నిన్ను అటు తిప్పాను. వసిష్ఠుడు ఒంటరి చుక్క కాదని, నీలాంటి గొట్టంలోంచి చూస్తే రెండుగా విడిపోతాడని, 1617లోనే గెలీలియో శిష్యుడు కాస్టెల్లి గమనించాడని నాకు తెలుసు. చెప్పలేదు.

‘అరుంధతి అమ్మా’ అన్నాను, అంతే.

అమ్మ వంగింది. పోపుల వాసన, పసుపు వాసన. ఉత్తరపు చుక్కలు మిగతావాటికంటే నిదానంగా జరుగుతాయి, మధ్యలో పెడితే ఇంకాసేపు నిలుస్తాయి. నేను నెట్టాల్సిన పని లేదు. మెట్ల మీద నాయన పైకి వస్తున్న చప్పుడు, ఒక్కో మెట్టుకు ఆగుతూ.

‘రెండు కాదురా’ అంది అమ్మ. ‘మూడు ఉండాయి. రెండు అతుక్కోని ఉండాయి, ఒకటి ఎడంగా.’ కాసేపు ఊపిరి బిగబట్టి, ‘ఉండు. నడాన సన్నగా ఇంకొకటి.’

నాలుగోది! ఆ నడిమి చుక్కను నేను ఎన్నోసార్లు చూసీ చూడలేదు. మూడని చదివాను, మూడే చూశాను. అమ్మను జరిపి నేను చూస్తే ఉంది, వసిష్ఠుడికీ అరుంధతికీ నడుమ, దారం లాగితే దానికి కొంచెం పక్కగా, ఆవగింజలో సగం.

అమ్మ మెట్ల వైపు తిరిగింది. ‘ఇట్ల రా అయ్యా, తొందరగా. అరుంధతి.’

నాయన కండువా తీసి నాకిచ్చి, మోకాలు మీద చెయ్యి ఆనించి, మెల్లగా వంగాడు. ఏ కన్ను మూయాలో తెలియక రెండూ మూసి తెరిచాడు. నేను ఆయన చేతిని తెచ్చి నీ గొట్టం మీద పెట్టాను, ఆనుకోమన్నట్టు. పెళ్లినాటి కొంగు లేదు గానీ అమ్మ ఆయన పక్కనే, ఆ రోజు నిలబడ్డంత దగ్గరగా నిలబడింది.

‘కనపడిందా?’ అని అడిగింది.

నాయన కన్ను తీయలేదు. రెండో చెయ్యి, అరచెయ్యి, మెల్లగా పైకి లేచింది.

‘ఇంకా లేదు’ అన్నాడు. ‘ఉండు.’